వామాకు మొక్కకు మెరక కావాలి: డెల్టా పెరట్లో పెంచే పద్ధతి

మన గోదావరి డెల్టాలో ఏ మొక్క నాటినా చేతులు వాటంతట అవే చుట్టూ పాదు కట్టేస్తాయి. కొబ్బరి మొక్కైనా, అరటి పిలకైనా, గుమ్మం పక్కన బంతి మొక్కైనా అంతే. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఇక్కడి సేద్యమంతా నీటిని చేలోకి తెచ్చుకుని నిలబెట్టుకోవడం మీదే నడుస్తోంది. మనకి చేతనైన విద్య అది. వామాకు మొక్క దగ్గర మాత్రం ఆ విద్యని పక్కన పెట్టాలి. దీనికి నీళ్లు తేవడం కాదు, నీళ్లు పంపించడం నేర్చుకోవాలి.

ఈ సంగతి తెలియక నేను రెండు మొక్కలు పోగొట్టుకున్నాను. మాది రాజోలు వైపు, గోదావరి పాయలైన వశిష్ఠకీ వైనతేయకీ మధ్య ఊరు. ఇల్లు కట్టేటప్పుడు స్థలం పల్లంగా ఉందని చెరువు తవ్విన మట్టి తోలించి ఎత్తు చేశారు. చూడటానికి మెరకే కానీ లోపలంతా జిగట. అందులో శ్రావణ మాసంలో ఒక మొక్క నాటాను. నెల తిరిగేసరికి గుబురుగా లేచింది. తర్వాత వారం పది రోజులు ముసురు పట్టింది. ఒక ఉదయం కొమ్మ తుంచబోతే మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. పీకినట్టు కూడా కాదు, నేల మీద పెట్టిన వస్తువుని తీసినట్టు వచ్చింది. మొదలు నల్లగా, మెత్తగా అయిపోయింది. వేళ్లతో నొక్కితే పై తోలు జారిపోయి లోపల దారం లాంటి పుల్ల మిగిలింది. కుడితి తొట్టి వాసన. పైన ఆకులు మాత్రం అప్పటికీ పచ్చగానే ఉన్నాయి, నలిపితే వాము వాసన కూడా వేస్తున్నాయి.

ఈ మొక్కతో వచ్చే చిక్కు ఇదే. ఆకులోనే నీరు దాచుకుంటుంది కాబట్టి వేరు కుళ్లిపోయాక కూడా కొన్నాళ్లు పైకి బాగానే కనిపిస్తుంది. మనం గమనించేసరికి కింద ఏమీ మిగలదు. రెండో మొక్క కుండీలోనే పోయింది, దాని సంగతి కుండీల దగ్గర చెబుతాను.

ఏ మొక్క గురించి మాట్లాడుకుంటున్నాం?

మందంగా, మెత్తగా, అంచుల్లో గుండ్రటి పళ్లున్న ఆకు. వేలితో రాస్తే పిల్లి చెవి తాకినట్టు సన్నటి నూగు తగులుతుంది. వంచితే ఠక్కున విరుగుతుంది. కొందరు కర్పూరవల్లి అంటారు, కన్నడం వాళ్లు దొడ్డపత్రె అంటారు. తులసి, పుదీనాల కుటుంబమే. వంటింటి డబ్బాలో ఉండే వాము గింజలు మాత్రం దీనివి కావు. ఆ గింజలు కొత్తిమీర, జీలకర్రల కుటుంబానికి చెందిన వేరే మొక్క నుంచి వస్తాయి. రెండింటిలోనూ ఒకే తరహా ఘాటు నూనెలు ఉండటంతో వాసన కలిసింది, పేరూ కలిసింది. శాస్త్రీయ నామం కోలియస్ అంబోయినికస్. ఇండోనేషియాలోని అంబోన్ దీవి పేరు మీద 1790లో లోరైరో అనే పోర్చుగీసు వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు అది.

ఆ నూగూ, ఆ మందం ఊరికే రాలేదు. ఎండకి తట్టుకుని, తక్కువ నీటితో బతకడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు. ఆకుని ఒకసారి చేత్తో పట్టుకుని చూస్తే దీన్ని ఎలా పెంచాలో సగం అర్థమైపోతుంది.

ముందు ఒక గుంత తవ్వండి

మొక్క తెచ్చుకునే ముందే ఈ పని చేయండి. నాటాలనుకున్న చోట అడుగు లోతు, అడుగు వెడల్పున గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. అవి పూర్తిగా ఇంకిపోయాక మళ్లీ నింపండి. ఈ రెండోసారిదే లెక్క. ఒక పుల్ల నిలువుగా గుచ్చి నీటి మట్టం దగ్గర గీత పెట్టి, గంట తర్వాత వచ్చి చూడండి. రెండు మూడు అంగుళాలు దిగితే ఆ నేల మంచిది. అంగుళం దిగితే ఫరవాలేదు. అంగుళం కూడా దిగకపోతే అక్కడ నేరుగా నాటొద్దు.

రెండోసారి ఎందుకంటే, మన జిగట నేల వేసవిలో బీటలు వారుతుంది. మొదట పోసిన నీళ్లు ఆ బీటల్లోకి గుటగుటా వెళ్లిపోతాయి. నీరు బాగా ఇంకే నేల అని మురిసిపోతాం. తడి తగలగానే మట్టి ఉబ్బి బీటలు పూడుకుపోతాయి, ఆ తర్వాతే నేల అసలు గుణం బయటపడుతుంది. మా పెరట్లో సాయంత్రం రెండోసారి నింపిన గుంతలో తెల్లారేసరికి కూడా జానెడు నీళ్లు అలాగే ఉన్నాయి. ఒక బోదురు కప్ప పిల్ల అందులో చేరి కూర్చుంది.

గుంత తవ్వేటప్పుడు తీసిన మట్టిని కూడా పారేయకండి. కొంచెం తడిపి ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీయండి. రెండంగుళాలు సాగినా తెగలేదంటే అది గట్టి జిగట. అంగుళం లోపే తెగితే ఇసుక పాలు బాగానే ఉన్నట్టు. నది ఒడ్డున, లంకల పక్కన ఉన్నవాళ్ల పెరళ్లలో తరచు ఇలాంటి తేలిక ఒండ్రు మట్టి ఉంటుంది. వాళ్లకి సగం పని తప్పినట్టే.

వానాకాలంలో ఇంకో విషయం చూడాలి. మీరు నీళ్లు పోయకుండానే గుంతలో ఊట ఊరుతుందా? వరి చేల పక్కన, చేపల చెరువుల పక్కన ఉన్న ఇళ్లలో ఇది మామూలే. అలాంటి చోట ఎంత మంచి ఇసుక కలిపినా నేల మట్టంలో లాభం లేదు, పైకి లేపాల్సిందే.

ఎండ

రోజుకి అయిదారు గంటల ఎండ కావాలి, అందులో ఉదయపు ఎండ ముఖ్యం. కొబ్బరి చెట్ల మధ్య ఇళ్లున్నవాళ్లు ఒక రోజంతా గమనించాలి. కొబ్బరి నీడ ఒకచోట ఆగదు, గంటగంటకీ జరుగుతుంది. అలా జరిగే నీడ వల్ల ఇబ్బంది లేదు. గోడ నీడ, మామిడి చెట్టు నీడ మాత్రం పనికిరావు. నీడలో పెరిగిన వామాకు పెద్దదవుతుంది, పలచబడుతుంది, కాడలు సాగి వాలిపోతాయి, ఘాటు కూడా తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, నీడలో మట్టి ఆరదు.

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి, మడికి దక్షిణం వైపు ఎత్తు గోడ ఉంటే వేసవిలో ఎండ పడిన చోటే పుష్యమాసంలో నీడ పడుతుంది. ఇది చూసుకోక చాలామంది చోటు తప్పు ఎంచుకుంటారు. ఇక రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండకి మాత్రం మధ్యాహ్నం పూట కాస్త మరుగు ఇవ్వండి. రెండు కొబ్బరి మట్టలు పడమటి వైపు ఏటవాలుగా పెడితే చాలు. ఆ రోజుల్లో ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, దొప్పల్లా ముడుచుకుంటే కంగారుపడి నీళ్లు కుమ్మరించొద్దు. మొక్క తన జాగ్రత్తలో తానుంది. తొలకరి పడగానే మళ్లీ విచ్చుకుంటుంది.

మెరక కట్టడం

ఈ మొత్తం పనిలో కష్టం పడాల్సింది ఇక్కడే. దీన్ని సరిగ్గా చేస్తే మిగతాదంతా తేలిక.

మడి వెడల్పు మూడడుగులకి మించకూడదు, రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి. ఎత్తు అడుగున్నర ఉండాలి. పొడవు మీ ఇష్టం. ఇంటి వాడకానికి నాలుగడుగుల మడిలో మూడు మొక్కలు చాలు, నలుగురున్న ఇంటికి బజ్జీలకీ పచ్చడికీ సరిపోయి ఇంకా మిగులుతుంది.

మొదట అడుగున ఉన్న నేలని గునపంతో జానెడు లోతు కుళ్లగించండి. ఈ పని చేయకుండా గట్టి నేల మీద మట్టి పోస్తే, పై నుంచి దిగిన నీరు ఆ గట్టి పొర మీద ఆగిపోయి పక్కలకి పోలేక లోపలే నిలుస్తుంది. కుళ్లగించేటప్పుడే ఒక వైపుకి కాస్త వాలు పెట్టి, ఆ వాలు పెరటి మురుగు కాలువ వైపో, పంట బోదె వైపో ఉండేలా చూసుకోండి.

అంచులకి ఇటుకలు పేర్చండి. సిమెంటు పెట్టొద్దు, ఇటుకకీ ఇటుకకీ మధ్య ఉన్న సందులే నీళ్లు బయటికి పోయే దారులు. మన దగ్గర కొబ్బరి మొద్దులు ఉచితంగా దొరుకుతాయని కొందరు వాటినే అంచులకి వేస్తారు. నేనైతే వద్దంటాను. కుళ్లుతున్న కొబ్బరి మొద్దుల్లో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. వామాకు మడి కోసం పక్కనున్న కొబ్బరి చెట్ల మొవ్వుకి చేటు తెచ్చుకోవడం ఎందుకు?

ఇక మట్టి. రెండు తట్టలు పెరటి మట్టి, రెండు తట్టలు ముతక ఇసుక, ఒక తట్ట బాగా చివికిన పశువుల ఎరువు. పెరటి మట్టి మరీ జిగటైతే దాన్ని పూర్తిగా వదిలేసి లంక మట్టి తోలించుకోండి. ఇసుక విషయంలో రెండు జాగ్రత్తలు. గోడలు పూయడానికి జల్లించిన సన్న ఇసుక వద్దు, జల్లెడ పైన మిగిలిన ముతకదే మనకి కావాలి. సముద్రపు ఒడ్డు ఇసుక అసలే వద్దు, ఉప్పు ఉంటుంది. అంతర్వేది, అల్లవరం వైపు వాళ్లకి అది దగ్గరగా ఉంటుంది కాబట్టి మరీ మరీ చెబుతున్నాను.

ఇసుక సగానికి సగం పోయడానికి చేతులు రావు, ఒక తట్ట చాలులే అనిపిస్తుంది. ఆ పొరపాటు చేయొద్దు. జిగట మట్టిలో కొద్దిగా ఇసుక కలిపితే, ఇసుక రేణువుల మధ్య ఉన్న ఖాళీల్లోకి మెత్తటి బంకమట్టి చేరి మొత్తం కలిసి బిగుసుకుపోతుంది. ఎండాక గునపం దిగదు. వేస్తే సగం పాళ్లు వేయండి, లేకపోతే అసలు వేయకండి.

అన్నీ పొడిగా ఉన్నప్పుడే కలపాలి. తడి జిగటలో పార పెడితే ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఇక విడవవు. కలిపిన మట్టిని మడిలో పోశాక మధ్యలో ఉబ్బుగా, అంచులకి వాలుగా, తాబేలు డిప్పలా సర్దండి. మొక్క ఆ డిప్ప మీద ఉండాలి. మొదలు చుట్టూ పాదు వద్దు. ఉన్న మట్టినే కుదురు వైపుకి ఇంకొంచెం ఎగదోయండి. పది పదిహేను రోజులు అలా వదిలేస్తే మట్టి సర్దుకుని నాలుగు వేళ్లు కుంగుతుంది. అప్పుడు పైన మళ్లీ నింపి మొక్క పెట్టండి.

కుండీలో పెంచేవాళ్లకి

నా రెండో మొక్క కథ ఇది. నర్సరీ నుంచి నల్ల కవరులో తెచ్చిన మొక్కని అందమైన వెడల్పాటి కుండీలో, అడుగున ఇటుక ముక్కలు పరిచి, పైన కొబ్బరి పొట్టు నింపి పెట్టాను. కొబ్బరి పొట్టు మనకి చవక, తేలిక. కానీ అది నీటిని స్పాంజిలా పట్టుకుంటుంది. పైన వేలితో తాకితే పొడిగా ఉంటుంది, లోపల చెమ్మ అలాగే ఉంటుంది. పొడిగా ఉంది కదా అని రోజూ పోశాను. మూడు వారాలకే కుళ్లిపోయింది.

అడుగున ఇటుక ముక్కలు పరిచినా ఎందుకు పనిచేయలేదో తర్వాత అర్థమైంది. అందరూ చెప్పే చిట్కా అది, కానీ దాని వల్ల మేలు జరగదు. మెత్తటి మట్టిలోంచి దిగే నీరు కింద పెద్ద ముక్కలు తగలగానే వాటిలోకి వెంటనే జారదు. మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యే దాకా పైనే ఆగుతుంది. అంటే తడి పొర కుండీ అడుగున ఉండాల్సింది, ముక్కలు పరిచిన మేరకు పైకి జరిగి వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది. కావాలంటే వంటింట్లో స్పాంజితో చూడండి. నీళ్లలో ముంచి పడుకోబెట్టి పట్టుకోండి, నీళ్లు కారడం ఆగాక నిలబెట్టండి. మళ్లీ కారుతుంది. కుండీ కూడా అంతే, వెడల్పు కంటే ఎత్తు ఉన్న కుండీలో నీరు బాగా దిగుతుంది.

కాబట్టి అడుగున్నర ఎత్తున్న మట్టి కుండీ తీసుకోండి. మట్టి గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది కాబట్టి ప్లాస్టిక్ కంటే అదే మేలు. అడుగున చిటికెన వేలు దూరేంత చిల్లులు మూడైనా ఉండాలి. చిల్లు మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్క బోర్లించండి, అంతకుమించి ఏమీ పరచొద్దు. మడికి చెప్పిన మట్టే పై దాకా నింపండి. కుండీని నేరుగా గచ్చు మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. కింద పళ్లెం పెట్టే అలవాటు ఉంటే తీసేయండి.

కొమ్మ తెచ్చి నాటడం

దీన్ని గింజతో ఎవరూ పెంచరు, కొమ్మతోనే. కడియపులంక నర్సరీలకి వెళ్లే పని ఉంటే అక్కడ తెచ్చుకోవచ్చు. తెల్ల అంచు ఆకులున్న రకం చూడటానికి బాగుంటుంది కానీ వంటకి మామూలు పచ్చ రకమే నాకు నచ్చుతుంది. నిజానికి కొనక్కర్లేదు. వీధిలో ఎవరో ఒకరి ఇంట్లో తప్పకుండా ఉంటుంది. “అత్తయ్యగారూ, వామాకు కొమ్మ ఒకటి ఇద్దురూ” అంటే కాదనేవాళ్లని నేను చూడలేదు. మీ ఊరి నేలలో ఇప్పటికే బతికి చూపించిన మొక్క కొమ్మ దొరకడం ఇంకా మంచిది.

నాటడానికి మంచి సమయం కార్తీకం వెళ్లాక, తుపాన్ల భయం తగ్గాక. అప్పటి నుంచి మాఘం దాకా ఎప్పుడైనా పెట్టొచ్చు. వేసవి వచ్చేలోపు వేరు లోతుకి దిగాలి.

మరీ లేతది కాకుండా, మరీ ముదిరి గోధుమ రంగుకి తిరిగింది కాకుండా, పచ్చగా గట్టిగా ఉన్న జానెడు కొమ్మ ఎంచుకోండి. లేత కాడని వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలుగా తగులుతుంది, తులసి కాడలాగే. కణుపుకి కాస్త కిందగా పదునైన కత్తితో కోయండి. కింది రెండు కణుపుల ఆకులు తీసేయండి, చివర చిగురు కూడా తుంచేయండి. పైన నాలుగాకులు ఉంటే చాలు.

తర్వాత దాన్ని వెంటనే నాటకండి. నీడలో ఒక పూటంతా వదిలేయండి. కోసిన చోట నీరు ఆరి, సన్నటి పొర కడుతుంది. పచ్చి కోతని తడి మట్టిలో పెడితే కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది. సాయంత్రం చల్లబడ్డాక వేలితో మట్టిలో గుంట చేసి, ఆకులు తీసిన రెండు కణుపులూ లోపలికి పోయేలా పెట్టి, చుట్టూ మునివేళ్లతో నొక్కండి. ఒక్కసారి తడిపి ఊరుకోండి. మడిలో అయితే కొమ్మకీ కొమ్మకీ అడుగున్నర దూరం.

రెండు మూడు వారాల్లో వేరు పడుతుంది. పట్టిందో లేదో చూడటానికి పీకి చూడొద్దు. మెల్లగా పైకి లాగితే కాస్త బిగి తగులుతుంది. కణుపు దగ్గర గోరంత కొత్త ఆకుల జత కనిపిస్తే ఇక బెంగ లేదు.

నీళ్లు ఎప్పుడు పోయాలి?

చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దింపండి. చల్లగా తగిలినా, వేలికి మట్టి అంటుకున్నా ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా ఉంటే పోయండి, పోసినప్పుడు మొత్తం తడిసేలా పోసి మళ్లీ ఆరనివ్వండి. రోజూ చెంబుడు పోయడం కంటే ఇది వేయి రెట్లు మేలు. చలికాలంలో నాలుగైదు రోజులకోసారి, వేసవిలో రెండు మూడు రోజులకోసారి పడుతుంది. వానాకాలంలో మీరు పోయక్కర్లేదు. కుండీ అయితే ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి, బరువుని బట్టి చేతికే తెలిసిపోతుంది.

ఆకులు మెత్తబడి వాలితే ముందు మట్టి తాకండి. మట్టి పొడిగా ఉండి ఆకులు వాలితే దాహం. మట్టి తడిగా ఉండి ఆకులు వాలితే వేరు పోతోంది. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, చేయాల్సింది మాత్రం పూర్తిగా వేరు. బియ్యం కడిగిన నీళ్లు పోయొచ్చా అని చాలామంది అడుగుతారు. పోయొచ్చు, కానీ అవీ నీళ్లే కదా, లెక్కలో వేసుకోండి.

వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీటి మీద ఆధారపడే తీర ప్రాంతం వాళ్లకి ఉప్పు బాధ ఉంటుంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టినా, ఆకుల అంచులు మాడినట్టు గోధుమ రంగుకి తిరిగినా ఉప్పు చేరుతోందని తెలుసుకోండి. మంచి నీళ్లు దొరికిన రోజున, కింది చిల్లుల్లోంచి ధారగా కారేదాకా ఒకేసారి బాగా పోసి ఉప్పుని కడిగేయండి. మళ్లీ పూర్తిగా ఆరేదాకా నీళ్లు పోయొద్దు.

ఎరువు, పురుగులు

ఎరువు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మూడు నాలుగు నెలలకోసారి గుప్పెడు వర్మీ కంపోస్ట్ చాలు. యూరియా వేస్తే ఆకు అరచేయంత అవుతుంది కానీ నీళ్ల ఆకు అవుతుంది.

పిండినల్లి కాడల మలుపుల్లో దూదిలా పట్టుకుంటుంది. కొద్దిగా ఉంటే తడిగుడ్డతో తుడిచేయండి. ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి, ఆ తర్వాత వారం దాకా ఆ ఆకు తినొద్దు. వానల్లో నత్తలు వస్తాయి. రాత్రి టార్చి వేసుకుని ఏరడం కంటే మంచి మందు నాకు తెలియదు.

తుంచడం, తినడం

మొక్క అడుగెత్తు వచ్చాక చిగుళ్లు తుంచడం మొదలుపెట్టండి. తుంచిన ప్రతి చోటా రెండు కొమ్మలు వస్తాయి. తుంచకపోతే సాగి, సొంత బరువుకే వాలి, నేలని తాకిన ఆకులు కుళ్లుతాయి. లేత ఊదా పూల కంకి వస్తే కోసేయండి, పూతకి వెళ్లాక ఆకు చిన్నబడుతుంది.

బజ్జీకి చిగురు నుంచి మూడో జత ఆకు సరిగ్గా ఉంటుంది. కాడతో సహా తుంచండి, పిండిలో ముంచడానికి అదే పిడి. ఆ నూగులో దుమ్ము పట్టి ఉంటుంది కాబట్టి రెండు సార్లు కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, పూర్తిగా తడి పోయాకే శనగపిండిలో ముంచండి. లేకపోతే నూనె చిట్లుతుంది. పిండిలో వాము వేయక్కర్లేదు. వేగిన బజ్జీ కొరికినప్పుడు పైన కరకర, లోపల ఆకు మెత్తగా రసం వదులుతూ ముక్కు దాకా ఘాటు పాకుతుంది. ముసురు పట్టిన సాయంత్రం అది తిన్నవాళ్లకి ఇంత శ్రమ ఎందుకో చెప్పక్కర్లేదు. పచ్చడికి శనగపప్పు, పచ్చిమిర్చి వేయించి, ఆకుని కాస్త మగ్గించి, చింతపండుతో రుబ్బుకోవాలి.

జలుబుకీ దగ్గుకీ మా అమ్మమ్మ ఆకు వేడిచేసి పిండిన రసంలో తేనె కలిపి ఇచ్చేది. పెద్దవాళ్లకి గొంతు గరగరకి అలా వాడుకోవచ్చు. ఏడాది నిండని పిల్లలకి మాత్రం తేనె అసలు పెట్టకూడదు. దగ్గు తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా ఆకు నమ్ముకుని కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వానాకాలం దాటించడం

ఏడాదిలో మొక్క ప్రాణం మీదికి వచ్చేది ఆషాఢం నుంచి కార్తీకం దాకా. అందుకే పని రోహిణి కార్తెలోనే మొదలుపెట్టాలి. మడిలోని ప్రతి మొక్క నుంచి రెండేసి కొమ్మలు కోసి చిన్న కుండీల్లో వేరు పట్టించుకోండి. ఇవి ఇంటి అరుగు మీద, చూరు కింద, వాన పడని చోట ఉంటాయి. కిటికీ వెలుతురు, ఉదయం కాస్త ఎండ తగిలితే చాలు. విత్తనాల వడ్లు దాచుకున్నట్టు దీన్ని దాచుకోవాలి.

మృగశిర కార్తె రాగానే మడిలో మొక్కల కింది కొమ్మలు తీసేసి నేలకీ ఆకులకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంచండి, గాలి ఆడాలి. ఆకులు, గడ్డి కప్పి ఉంటే తీసేయండి, వేసవిలో మేలు చేసిన ఆ కప్పే వానల్లో మొదలు కుళ్లబెడుతుంది. ఇటుకల సందులు మట్టితో పూడిపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. మడి చుట్టూ జానెడు లోతు కాలువ తీసి మురుగులోకి కలపండి.

వాన ఎంత జోరుగా పడినా, ఆగాక నీరు పోయి ఎండ కాస్తే మొక్క కోలుకుంటుంది. ప్రమాదమంతా రోజుల తరబడి విడవని ముసురుతోనూ, కింది నుంచి పైకొచ్చే ఊటతోనూ. 2022 జూలైలో గోదావరి వరద ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు, ఏటిగట్టుకి ఇవతల, ఊరి వైపున్న మా పెరట్లోకి వరద నీరు రాలేదు. కానీ బావిలో నీళ్లు చేత్తో ముంచుకునేంత పైకొచ్చాయి. పెరట్లో ఎక్కడ కాలు పెట్టినా అడుగు పడిన గుంటలో నీరు ఊరేది. అడుగున్నర మడిలో పైన ఉన్న అడుగు మట్టి మాత్రం చెమ్మగా ఉందే తప్ప ముద్ద కాలేదు. మూడు మొక్కల్లో రెండు నిలబడ్డాయి.

మూడోదాని మొదలు నల్లబడుతుండగా చూశాను. అలా కనిపించిన రోజే, రేపు చూద్దాంలే అనుకోకుండా, నలుపు తగిలిన చోటికి నాలుగు వేళ్లు పైగా కోసేయండి. కోసిన చోట లోపల చూడండి. గోధుమ చుక్క కనిపిస్తే ఇంకా పైకి కోయండి, పూర్తిగా లేత పచ్చగా కనిపించే దాకా. ఆ ముక్కని ఈసారి ఒక పూట కాదు, ఒక రోజంతా ఆరనిచ్చి, ఉత్త ఇసుకలో నాటి అరుగు మీద పెట్టండి. కుళ్లిన మొదలుని వేరుతో సహా తవ్వి పెరటి బయట పారేయండి, ఎరువు గుంతలో వేయొద్దు. ఆ చోట మట్టి రెండు వారాలు ఎండకి ఆరాకే మళ్లీ ఏదైనా పెట్టండి.

చూరు కింద దాచిన కొమ్మల్లో ఒకటి రెండు పక్కింటివాళ్లకి ఇచ్చి ఉంచండి. మూడేళ్ల కిందట మా ఇంట్లో ఒక్కటీ మిగలనప్పుడు, అంతకుముందు ఏడాది నా చేత్తో ఇచ్చిన మొక్క నుంచే పిన్నిగారు నాలుగు కొమ్మలు కోసి, తడి గుడ్డలో చుట్టి గోడ మీదుగా అందించారు. తడి గుడ్డ విప్పేసి, నీడలో ఆరబెట్టి, సాయంత్రం నాటాను.